అత్తగారి పుండుకు వెండి పట్టీ, పిల్లాడి కాళ్లకు వెండి సాక్సులు

చెన్నై పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం, కొంత కుదించాను.

‘మా అత్తగారికి 68 ఏళ్లు. షుగరు ఉంది. కుడి అరికాలి మీద పుండు పడి మూడు నెలలవుతోంది. మొదట్లో వెండి కలిసిన పట్టీ వేశారు. మూడు వారాలైనా చీము తగ్గకపోతే కల్చర్ పరీక్ష రాశారు. క్లెబ్సియెల్లా అని వచ్చింది, మందుల పేర్లకు ఎదురుగా చాలాచోట్ల ఆర్ అని ఉంది. పట్టీ మార్చేశారు. కట్టు కట్టే నర్సమ్మ “ఈ క్రిమి వెండికి అలవాటు పడిపోయిందమ్మా” అంది. మా మరిది బట్టల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చేస్తాడు. మా వాడికి నానో వెండి సాక్సులు, వెండి పూత ఉన్న నీళ్ల బాటిల్ తెచ్చిచ్చాడు. “వెండి యాంటీబయాటిక్ లాంటిది కాదు వదినా, ఒకేసారి పది చోట్ల కొడుతుంది, దానికి ఏ క్రిమీ అలవాటు పడదు” అంటాడు. మా ఇంట్లో ఉగ్గుగిన్నె నాటి నుంచీ వెండి మీద నమ్మకమే. ఎవరి మాట నిజం? ఆ సాక్సులు, బాటిల్ పారెయ్యాలా? ఇంకొకటి, పోయినసారి రాసిన యాంటీబయాటిక్ మాత్రలు ఆరు మిగిలాయి. మళ్లీ చీము పడితే అవి వెయ్యొచ్చా? ఆవిడ ఇంట్లో చెప్పులు వేసుకోమంటే వినరు, దేవుడి గది ఉందంటారు. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది.’

అమ్మా,

ముందు అత్తగారి కాలి సంగతి, తర్వాత వెండి సంగతి. నేను ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసిన మనిషిని. పుండు చూసి మందు రాసే డాక్టర్ని కాను. కాబట్టి నా మాటలు మీ డాక్టరుగారిని అడగడానికి పనికొస్తాయి తప్ప, ఆయన మాటకు బదులుగా కాదు.

రిపోర్టులో మీరు చూసిన ‘ఆర్’లు యాంటీబయాటిక్‌లవి. వెండిది కాదు. ఆ కాగితం మళ్లీ తీసి చూడండి, పైనుంచి కిందిదాకా వెండి పేరు ఉండదు. మామూలు ఆసుపత్రి ల్యాబుల్లో వెండికి పరీక్ష చెయ్యరు. ఒక్కో మందుకీ ఒక గీత ఉంటుంది: ఇంత మోతాదులో కూడా పెరిగితే ఆర్ అని రాయాలి, ఈలోపే ఆగిపోతే ఎస్ అని రాయాలి. ఆ గీతలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థలు వెండికి గీత గియ్యలేదు. అంచేత నర్సమ్మ చెప్పింది పరీక్షలో తేలిన మాట కాదు, ఆవిడ ఊహ. మరీ కొట్టిపారేసే ఊహ కూడా కాదు, అది ఎందుకో చెబుతాను.

షుగరు పుండు మానకపోవడానికి వెండి పనిచెయ్యకపోవడం కంటే మామూలు కారణాలే ఎక్కువ. కాలికి రక్తం సరిగ్గా అందకపోవచ్చు. పుండు మీద అడుగడుక్కీ బరువు పడుతుండవచ్చు. లోపల ఎముకదాకా చీము వెళ్లి ఉండవచ్చు. పుండు అడుగున క్రిములన్నీ కలిసి జిగటగా ఒక పొర కట్టుకుని ఉండవచ్చు. బిందె నాలుగు రోజులు తోమకపోతే లోపల వేలికి జారుడుగా తగిలేది చూడండి, అలాంటి పొర. దాన్ని గీకి తీస్తే గానీ పైన ఏ మందు పూసినా లోపలికి దిగదు. అసలు షుగరు పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు, పుండు తొందరగా మానుతుందని వెండి పట్టీలు వాడొద్దనే చెబుతున్నాయి. వెండి చెడ్డదని కాదు, దాంతో పుండు త్వరగా మానుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదని. కాబట్టి పట్టీ మార్చారంటే చివరి ఆశ పోయిందని బెంగ పెట్టుకోకండి.

ఇక నర్సమ్మ వాడిన ‘అలవాటు’ అన్న మాట. ఆవిడొక్కరే కాదు, అందరూ వాడే మాటే, మా ల్యాబులో కూడా వాడేవాళ్లం. కానీ చిక్కంతా అక్కడే ఉంది. రోజూ మిరపకాయ తినేవాడికి కారం అలవాటవుతుంది. ముందు కళ్లల్లో నీళ్లు తిరిగిన మనిషే, తర్వాత తిరగనిదీ ఆ మనిషే. బ్యాక్టీరియాలో జరిగేది చాలావరకు అది కాదు. మందు తగిలిన క్రిమి చచ్చిపోతుంది. దానికి అలవాటయ్యే తీరికే ఉండదు. మిగిలేది వేరే క్రిమి.

ఇది మీ అత్తగారి రిపోర్టు తయారైన పళ్లెం మీదే కనబడుతుంది. అరచేతంత గుండ్రటి పళ్లెం, అందులో లేత పసుపు రంగు జెల్లీ. పుండు నుంచి తీసిన క్రిమిని దూది పుల్లతో జెల్లీ అంతటా పూస్తాం. దానిమీద మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్లలు పెడతాం, మన నుదుటి బొట్టు బిళ్లంత ఉంటాయి. రాత్రంతా 35 డిగ్రీల వేడిలో ఉంచి పొద్దున్నే తీస్తే, పళ్లెమంతా క్రిములు తెల్లగా మాగిన పిండిలా పరుచుకుని ఉంటాయి. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. ఆ ఖాళీని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. మీరు చూసిన ఎస్, ఆర్ అక్షరాలు అక్కడివే. అయితే కొత్తగా చేరిన పిల్లలకు నేను స్కేలు ఇచ్చే ముందు ఒకటి చూపించేవాణ్ణి. ఒక్కోసారి ఆ ఖాళీ జాగాలో, ఎవరూ ఉండకూడని చోట, గసగసాల్లాగా రెండో మూడో చుక్కలు ఉంటాయి. చుట్టూ లక్షల కొద్దీ చచ్చాయి, ఆ రెండూ పెరిగాయి. వాటిని తీసి వేరే పళ్లెం మీద పూసి అదే బిళ్ల పెడితే, ఈసారి ఖాళీ ఏర్పడదు.

ఆ రెండూ మందు తగిలాక మారాయా, ముందునుంచే అలా ఉన్నాయా? ఈ ప్రశ్నకు 1952లో ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ అనే దంపతులు మఖమలు గుడ్డతో జవాబు చెప్పారు. మందు లేని పళ్లెం మీద పెరిగిన క్రిముల గుంపులను మఖమలు గుడ్డ మీద అద్దారు. ఆ గుడ్డను మందు కలిపిన పళ్లెం మీద అద్దారు. ముగ్గు అచ్చులాగా ఏ గుంపు ఎక్కడుందో అక్కడే దిగుతుంది. మందు పళ్లెంలో ఒకటి రెండు చోట్ల మాత్రమే పెరుగుదల కనిపించింది. అప్పుడు వెనక్కి వెళ్లి, మందు వాసనే తగలని మొదటి పళ్లెంలో సరిగ్గా అదే చోటునుంచి క్రిముల్ని తీసి చూశారు. తట్టుకునేవి అక్కడ ముందే ఉన్నాయి. ఆ మార్పును మందు తేలేదు. మందు చేసిందల్లా మిగతావాటిని తుడిచిపెట్టి వీటికి జాగా ఇవ్వడం. ఈ. కోలై లాంటి క్రిమి, పరిస్థితులు అనుకూలిస్తే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. కోట్లలో ఒకటి జన్యువుల రాతలో తప్పుతో పుట్టడానికి ఎంతసేపు కావాలి చెప్పండి.

మీ మరిదిగారి మాటకు వద్దాం. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం, అందుకే అది అంత బాగా వినబడుతుంది. వెండి నుంచి సన్నగా విడుదలయ్యే అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) క్రిమి లోపలి ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటల్లా అతుక్కుంటాయి. క్రిమి పైపొరను దెబ్బతీస్తాయి. ఊపిరి పీల్చుకునే యంత్రాంగాన్ని గందరగోళం చేస్తాయి. పెన్సిలిన్ లాంటి మందు క్రిమి తన చుట్టూ గోడ కట్టుకునే పని ఒక్కదాన్నే ఆపుతుంది, వెండి నిజంగానే నాలుగు వైపులా కొడుతుంది. నాలుగు చోట్లా ఒకేసారి మారి పుట్టే క్రిమి ఉండదు గనక దీన్ని తట్టుకోవడం అసాధ్యం అనేది ఆయన వాదన. కానీ క్రిమి ఆ నాలుగు చోట్లా కవచం కట్టుకోనక్కర్లేదమ్మా. వెండిని లోపలికి రానివ్వకపోతే చాలు, వచ్చినదాన్ని తోడిపోస్తే చాలు. డిసెంబరు వానలకు మీ పెరంబూరులో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లవాళ్లు ఏం చేస్తారు? గడపకు మూటలు అడ్డం పెడతారు, మోటారు పెట్టి నీళ్లు బయటికి తోడతారు. నీళ్లు సోఫాను పాడుచేస్తాయా, ఫ్రిజ్‌ను పాడుచేస్తాయా అన్న లెక్క అప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఇది ల్యాబు కథ అనుకోకండి, ఆసుపత్రిలో జరిగిందే. కాలిన గాయాలకు వెండి నైట్రేట్ ద్రావణం వాడకం 1960లలో బాగా పెరిగింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో వెండినీ, దాంతోపాటు చాలా యాంటీబయాటిక్‌లనూ తట్టుకునే సాల్మొనెల్లా అనే క్రిమి బయలుదేరింది. రోగులు చనిపోయారు, వార్డు మూసెయ్యాల్సి వచ్చింది. 1975లో ఆ సంగతి ప్రచురించారు. ఆ క్రిమిలో వెండిని తట్టుకునే జన్యువులేమిటో 1999లో షికాగోలో సైమన్ సిల్వర్ అనే శాస్త్రవేత్త బృందం చదివి చెప్పింది. ఇంటిపేరే వెండి! ఆ జన్యువులు తయారుచేసేవాటిలో ఒకటి స్పాంజి లాంటి ప్రోటీన్, క్రిమి రెండు పొరల మధ్య కాపలా ఉండి వచ్చిన వెండిని పీల్చేసుకుంటుంది. మిగతావాటిలో రెండు రకాల పంపులున్నాయి. మీ అత్తగారి పుండులో దొరికిన క్లెబ్సియెల్లా జాతిలో ఈ జన్యువులు అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటాయి. ఒక్కోసారి నిద్రపోతున్నట్టు ఉండి, వెండి తగిలాక ఒకే ఒక్క మార్పుతో పూర్తిగా మేలుకుంటాయి. నర్సమ్మ ఊహను కొట్టిపారెయ్యలేనని అన్నది ఇందుకే.

బయటినుంచి ఈ జన్యువులు రాకపోయినా క్రిమికి సొంత సరుకుంది. మామూలు ఈ. కోలైలో రాగి ఎక్కువైతే తోడిపోసే పంపు ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. మన పేగుల్లో బతికే క్రిమికి రాగి ఎప్పుడూ తగిలేదే. ఆ పంపుకి రాగికీ వెండికీ పెద్ద తేడా తెలియదు, రెండింటినీ తోస్తుంది. ఆ పంపును ఆపి ఉంచే స్విచ్ చెడి ఎప్పుడూ నడిచేలా అయిపోయి, దాంతోపాటు పైపొరలో సరుకులు వచ్చే గుమ్మాలు మూసుకుపోతే చాలు, ఆ క్రిమి వెండిని బాగా తట్టుకుంటుంది. రోజూ కొంచెం కొంచెం మోతాదు పెంచుతూ ల్యాబులో పెంచితే ఇది కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: చర్మం మీద చీముగడ్డలు తెచ్చే స్టాఫైలోకాకస్ ఆరియస్‌లో ఇంత తేలిగ్గా రావడంలేదు. అన్ని క్రిములూ ఒకటి కావు.

నానో వెండి గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. నానో అంటే వెండిని మీటరులో వందకోట్లో వంతులతో కొలిచేంత సన్నని రేణువులుగా చెయ్యడం. అంత సన్నగా చేస్తే పైభాగం ఎక్కువ, అయాన్లు బాగా వదులుతుంది, క్రిమిని నేరుగా అంటుకుంటుంది కూడా. అలాంటి వెండి నీళ్లు పల్చటి పసుపు రంగులో ఉంటాయి, మొదటిసారి చూసినవాళ్లు వెండి అంటే నమ్మరు. రేణువులు విడివిడిగా ఉన్నంతసేపే ఆ పసుపు. అందులో కాస్త ఉప్పునీరు పొయ్యండి, రంగు మారి బూడిదగా అయిపోతుంది. రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కట్టాయన్నమాట. నిమ్మరసం పడ్డ పాలు విరిగినట్టే. విరిగిన పాలతో కాఫీ ఎలా కుదరదో, గడ్డకట్టిన నానో వెండితో క్రిమి పని కూడా అలాగే.

చెక్ దేశంలోని ఓలోమౌట్స్ నగర శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించినది చదివినప్పుడు నాకు ఈ పాల సంగతే గుర్తొచ్చింది. వాళ్లు ఈ. కోలైనూ, సూడోమోనాస్ అనే మరో క్రిమినీ చంపీచంపని మోతాదు నానో వెండిలో తరం తర్వాత తరం పెంచారు. కొన్నాళ్లకు ఆ క్రిములు వెండికి చావడం మానేశాయి. జన్యువుల్లో వెతికితే మార్పు దొరకలేదు. చూడగా చూడగా, క్రిములు ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేసి బయటికి వదులుతున్నాయి. అది వాటి తోకకు వాడే సరుకు, ఈత కొట్టడానికి. బయటపడ్డ ఆ ప్రోటీన్ వెండి రేణువుల్ని పాలు విరిచినట్టు విరిచేస్తోంది! దగ్గరికి రాకముందే ఆయుధం మొద్దుబారిపోతోంది. పైన ‘చాలావరకు అలవాటు కాదు’ అని నేను ఆచితూచి అన్నది ఇందుకే. ఈ ఒక్క సందర్భంలో నర్సమ్మ మాట దాదాపు అక్షరాలా నిజం. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రోటీన్ తయారీని ఆపడానికి వాళ్లకు పనికొచ్చింది దానిమ్మ తొక్క సారం. (ఇది చదివి దానిమ్మ తొక్క నూరి అత్తగారి కాలికి పెట్టకండి. గాజు సీసాలో జరిగినదానికీ షుగరు పుండుకీ చాలా దూరం.) అయాన్ల రూపంలో ఉన్న వెండి మీద ఈ ఎత్తు పారలేదు, రేణువుల మీదే పారింది.

నన్ను నిజంగా కంగారుపెట్టేది ఇవేవీ కావు. వెండిని తట్టుకునే జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ మీద ఉంటాయి. ప్లాస్మిడ్ అంటే క్రిమి అసలు జన్యుసంపదకు వేరుగా తిరిగే చిన్న డీఎన్ఏ చుట్ట. ఒక క్రిమి నుంచి పక్క క్రిమికి, ఒక జాతి నుంచి వేరే జాతికి కూడా వెళ్తుంది. మన ఊరి షేర్ ఆటో అనుకోండి. దాంట్లో ఒక్కొక్క స్టాపులో ఒక్కొక్కరు ఎక్కుతారు, ఒకరికొకరు సంబంధం లేదు. బోస్టన్ క్రిమిలోని ఆటోలో వెండి జన్యువుల పక్కనే పాదరసాన్ని తట్టుకునేవి, యాంపిసిలిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ తట్టుకునేవి ఎక్కి కూర్చున్నాయి. ఇప్పుడు ఎక్కడో సాక్సులోనో, మురుగు కాలవలోనో ఆ క్రిమికి వెండి తగిలిందనుకుందాం. వెండి జన్యువు ఉన్నది బతికింది. చార్జీ ఇచ్చింది వెండి ఒక్కటే, ఆటో కదిలింది, మిగతా వాళ్లంతా ఉచితంగా ఊరు దాటారు. యాంటీబయాటిక్ ఒక్క చుక్క వాడకుండానే యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిమి పెరిగింది.

షేర్ ఆటో ఎంత దూరం తీసుకెళ్తుందో చెన్నైకి బాగా తెలియాలి. 2010లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఎన్‌డీఎం-1 అనే ఎంజైము గురించిన వ్యాసం వచ్చింది. మద్రాసు యూనివర్సిటీకి చెందిన కార్తికేయన్ కుమారసామి దాని మొదటి రచయిత. ఆఖరి అస్త్రాలుగా దాచుకున్న కార్బపెనెమ్ మందుల్ని కూడా తునకలు చేసే ఎంజైము అది. అది ఉన్న క్రిములు చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37 దొరికాయని అందులో ఉంది. ఆ జన్యువు కూడా ఎక్కువగా ప్లాస్మిడ్ల మీదే. పేరులో మొదటి రెండు అక్షరాలు న్యూఢిల్లీవి, ఆ ఊరి పేరు ఎందుకు పెట్టారని అప్పట్లో పెద్ద గొడవైంది. పేరు మీద చేసిన గొడవలో సగం మురుగునీటి మీద చేసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. రెండేళ్లకు, 2012లో, దేశంలోని వైద్య సంఘాలవాళ్లు ఇక్కడే కూర్చుని యాంటీబయాటిక్‌ల వాడకానికి ఒక దారి గీశారు, దాన్ని చెన్నై డిక్లరేషన్ అంటారు. షాపువాడు రికార్డు రాసుకుని, చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా, షెడ్యూల్ హెచ్1, 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. అమలు ఎలా ఉందో మీ వీధి చివర మెడికల్ షాపులో మీరే చూస్తుంటారు.

సాక్సుల సంగతికి వస్తే, పారెయ్యమని చెప్పను, ఇంకో జత కొనొద్దని చెబుతాను. సాక్సుకు వాసన వచ్చేది చెమటను తినే మామూలు చర్మపు క్రిముల వల్ల. రోజూ ఉతికి ఎండలో ఆరేస్తే ఆ పని అయిపోతుంది. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 2008లో ఇలాంటి సాక్సుల్ని నీళ్లలో ఉతికి చూశారు. కొన్ని రకాల్లో వెండి నాలుగు ఉతుకుల్లోనే దాదాపు అంతా నీళ్లలోకి పోయింది. అంటే మీ మరిదిగారు డబ్బు పోసి కొన్న వెండి మీ వాడి కాళ్ల మీద కంటే మీ వీధి డ్రైనేజీలో ఎక్కువకాలం ఉంటుంది. మురుగులో గంధకంతో కలిసి వెండి సల్ఫైడ్‌గా మారి చాలావరకు చప్పబడిపోతుంది, అదొక్కటే ఊరట. కానీ చంపీచంపని మోతాదులో క్రిములకు వెండి రుచి చూపించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నేను కోరి చేసినా చెయ్యలేను. కాలిన గాయానికి వెండి అవసరమైన రోజున అది పనిచెయ్యాలి. చెమట వాసనకు దాన్ని ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. ‘క్రిములను చంపే’ సబ్బులదీ ఇదే కథ. ట్రైక్లోసాన్ లాంటి 19 రసాయనాలున్న సబ్బుల్ని ఇళ్లకు అమ్మడం ఆపెయ్యమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో చెప్పింది, మామూలు సబ్బుకంటే మేలని కంపెనీలు చూపించలేకపోయాయి కనుక.

నీళ్ల బాటిల్ వాడుకోండి, కానీ పూత ఉంది కదా అని కడగడం మానొద్దు. బ్రష్ పెట్టి సబ్బుతో తోమాలి, మూత మరల్లో కూడా. వెండి వాడే నీళ్ల ఫిల్టర్లు వేరే లెక్క, వాటిని సాక్సులతో కలపకండి. మన ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం లాంటివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడింది కరెంటు లేని ఇళ్లలో కూడా తాగునీరు శుభ్రం చెయ్యడానికి. అక్కడ వెండికి ఒక పని ఉంది, ఎంత వదలాలన్న లెక్క ఉంది. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. కాట్రిడ్జి గడువు తీరాక కూడా దాన్నే లాగిస్తే మాత్రం అది కూడా సాక్సు కిందే లెక్క. ఇక ఉగ్గుగిన్నె. ఆ నమ్మకం చెరపడం నా పని కాదు, మా మనవరాలికీ వెండి గిన్నెలోనే పెట్టాం. ఉగ్గు ఉన్న ఆ కాసేపట్లో గిన్నె క్రిముల్ని చంపేస్తుందని మాత్రం అనుకోకండి. మరిగిన నీళ్లతో గిన్నె కడగండి, చెయ్యి కడుక్కోండి.

ఆ ఆరు మాత్రలు వెయ్యొద్దు. ముందు అవి ఎందుకు మిగిలాయో నాకు చెప్పలేదు మీరు. డాక్టరు ఆపమంటే ఆపారా, చీము తగ్గినట్టు కనిపించి మీరే ఆపారా? రెండోదైతే ఆ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, కోప్పడితే కోప్పడతారు. రిపోర్టులో ఆ మందుకే ఆర్ వచ్చి ఉంటే ఆ మాత్రల వల్ల చీము తగ్గదు, కడుపులో ఉన్న మంచి క్రిములు చస్తాయి, ఆ ఖాళీలో ఆర్ క్రిమి ఇంకాస్త పరుచుకుంటుంది. అచ్చం నా పళ్లెంలోని గసగసాల చుక్కల్లా. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ ఇలాంటి ఇంటి కథే చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వస్తే సొంతంగా కాస్త పెన్సిలిన్ కొని వేసుకుంటాడు, క్రిమి చావడానికి చాలదు గానీ తట్టుకోవడం నేర్పడానికి సరిపోతుంది. అది భార్యకు అంటుకుంటుంది, ఆవిడకు పెన్సిలిన్ పనిచెయ్యక చనిపోతుంది. సరదా ఏమిటంటే ఫ్లెమింగ్ కథలోని క్రిమి స్ట్రెప్టోకాకస్. గొంతునొప్పి తెచ్చే రకం స్ట్రెప్టోకాకస్ ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది! మనిషి ఉదాహరణ తప్పు ఎంచుకున్నాడు, హెచ్చరిక మాత్రం మిగతా చాలా క్రిముల విషయంలో నిజమైంది. మాత్రల్ని సింకులోనో టాయిలెట్‌లోనో వెయ్యకండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు స్ట్రిప్పుతో సహా పట్టుకెళ్లి చూపించండి. ఇంట్లో మద్రాస్ ఐ (కళ్లకలక) వచ్చిన పిల్లలకు పాత యాంటీబయాటిక్ చుక్కలు వేసే అలవాటుంటే అదీ మానండి. అది ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది, ఆ చుక్కలకు దాంతో పనిలేదు.

కట్టు విప్పినప్పుడు ఆ గుడ్డను పాలిథిన్ కవరులో మూతి కట్టి వెయ్యండి. కట్టుకు ముందూ తర్వాతా మామూలు సబ్బుతో చేతులు కడుక్కోండి. సబ్బు చేతి మీది జిడ్డునూ, దాంతోపాటు క్రిముల్నీ విడదీసి నీళ్లతో జార్చేస్తుంది, తట్టుకునే దారి వాటికి సులభంగా దొరకదు. ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా, వేలు గానీ పుండు అంచు గానీ నల్లబడినా, కొత్తగా కుళ్లు వాసన వచ్చినా మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే వెళ్లండి. వెళ్లినప్పుడు కాలి రక్తప్రసరణ చూశారా, ఎముకకు ఎక్స్‌రే తీశారా, పుండు అడుగు గీకి శుభ్రం చేశారా, మళ్లీ కల్చర్ పంపేటప్పుడు పైన ఉన్న చీము కాకుండా శుభ్రం చేశాక లోపలి నుంచి తీస్తారా అని అడగండి. పైపైన దూది అద్ది పంపితే మాకు ల్యాబులో దొరికేది చాలాసార్లు పుండు మీద ఊరికే కూర్చున్న క్రిమి, అసలు నేరస్థుడు కాదు. ఎన్ని రిపోర్టులు అలా తప్పుదోవ పట్టించాయో నేనే లెక్క చెప్పలేను.

దేవుడి గదిలోకి చెప్పులతో వెళ్లనంటున్నారని రాశారు. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంగా రాశారు గానీ, నాకు మొత్తం ఉత్తరంలో ఎక్కువ అనుమానం కలిగించింది అదే. అరికాలి పుండు మీద రోజుకు వెయ్యి అడుగులు పడుతుంటే వెండి పెట్టినా బంగారం పెట్టినా మానదు. పుండు ఉన్నన్నాళ్లూ ఆ చోట బరువు పడకుండా ఏం వెయ్యాలో, ప్రత్యేకమైన బూటా, కట్టా, డాక్టరుగారే చెప్పాలి. మానాక ఎంసీఆర్ చెప్పులు (షుగరు పాదాలకు చేసే మెత్తటి రబ్బరు చెప్పులు) అడగండి. గది లోపల వేసుకోవడానికి ఒక కొత్త జత విడిగా కొని, బయటి నేల తగలనివ్వకుండా ఉంచితే ఒప్పుకుంటారేమో చూడండి. మా అమ్మ అలాగే ఒప్పుకుంది, మొదటి రోజు వాటికి పసుపు రాసి మరీ.